నా దగ్గర కాపీ ఉంది

వికారాబాద్ స్టేషన్ రోడ్డులోని నా షాపు తాళాలు మా చెల్లెలి బిడ్డ శ్రావణి చేతికిచ్చి రెండేళ్లయింది. పెళ్లిళ్లకు వీడియో తీయడం, పాత క్యాసెట్లను డిస్కులకెక్కించడం, ఆడని డిస్కుల్లోంచి, పలకని పెన్‌డ్రైవుల్లోంచి పోయినవాటిని వెతికి తీయడం నా పని. పదేళ్లు తాండూరులో ఒకరి కింద చేశాను, పాతికేళ్లకు పైగా ఇక్కడ సొంతంగా చేశాను. ఇప్పుడు రోజూ పదకొండింటికి పోయి షాపులో ఓ మూల కూర్చుంటాను. శ్రావణి టీ తెప్పిస్తుంది, పని మాత్రం ముట్టనివ్వదు.

మొన్న ఒకరోజు, "మామా, నీకు తెల్సినయి రాసియ్యరాదు, కొత్తగ ఈ పనిలకొచ్చేటోళ్లకు అక్కరొస్తయి" అంది. తెలిసినవి రాస్తే అర పేజీ కూడా కాదన్నాను. అయితే తప్పులు రాయమంది. అందుకే ఇది ఇంత పొడుగైంది.

బండ మీద వేలు

తాండూరులో నా గురువు ఖాజా భాయ్. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. చదువు మూడో తరగతి. నేను డిగ్రీ. ఈ తేడాను నేను ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. నా కష్టాలన్నిటికీ మొదలు అక్కడే ఉంది.

సీడీలు కొత్తగా వచ్చిన రోజులు. క్యాసెట్ అయితే అర్థమయ్యేది. రిబ్బను మీద ఇనుప పొడి ఉంటుంది, అయస్కాంతం ఆ పొడిని ఎటు తిప్పితే అటు నిలబడుతుంది. ఈ మెరిసే బిళ్లలో సినిమా ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. ఖాజా భాయ్‌ని అడిగితే నన్ను షాపు వెనకున్న బండల పాలిషింగు యార్డుకు తీసుకుపోయాడు. ఉలి దెబ్బలు పడిన నాపబండ ఒకటి చూపించి, కళ్లు మూసుకొని దాని మీద వేలు జరపమన్నాడు.

"గుంత ఎప్పుడు తెల్సింది నీకు?" అన్నాడు.

వేలు దిగినప్పుడు అన్నాను. లోపల పోతున్నంతసేపు ఏమైనా తెలిసిందా అన్నాడు. లేదన్నాను. మళ్లీ ఎప్పుడు తెలిసిందంటే వేలు పైకి ఎక్కినప్పుడు అన్నాను.

"గదే సీడీ. పో, టీ పట్రా."

డిస్కు గురించి అంత మంచి పాఠం నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు. డిస్కులో కంటికి కనిపించని చిన్న గుంటలుంటాయి. నడిమి నుంచి అంచు వైపు చుట్టలు చుట్టలుగా పోయే ఒకే ఒక్క వరుస అది. వెంట్రుక మందంలో అట్లాంటి చుట్లు నలభై దాకా పడతాయి. మన వేలి స్థానంలో లేజర్ వెలుగు ఉంటుంది. గుంట అంటే ఒకటి, చదును అంటే సున్నా అని నేను ఎంతోమందికి చెప్పాను. అది తప్పు. చదును నుంచి గుంటలోకి దిగే అంచు ఒకటి, గుంటలోంచి పైకెక్కే అంచు కూడా ఒకటి. మార్పు లేకుండా సాగినంతసేపూ సున్నాలే. అనంతగిరి ఘాటులో బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడికి రోడ్డు ఎట్లా తెలుస్తుందో, డిస్కు లేజర్‌కు అట్లా తెలుస్తుంది. తల కొట్టుకున్న ప్రతిసారీ ఒకటి.

ఆరోజే ఖాజా భాయ్ ఇంకో మాట కూడా అన్నాడు. "మెరిసే దిక్కు కన్న పేరు రాసే దిక్కు పైలం." మూడో తరగతి కదా, ఏ వైపు జాగ్రత్తగా చూసుకోవాలో తిరగేసి చెప్తున్నాడనుకున్నాను. ఎదురు చెప్పలేదు, లోపల నవ్వుకున్నాను.

ఆయన చెప్పిందే నిజం. సీడీలో వెలుగు కింది నుంచి వచ్చి, ప్లాస్టిక్ మందమంతా దాటి, పైన పేరు రాసే పొర కిందనే ఉన్న గుంటలను తాకుతుంది. కింది వైపు చిన్న గీత పడితే రుద్ది నునుపు చేసుకోవచ్చు. పై వైపు గీత పడితే గుంటలే పోతాయి. ఇది తెలియక నేను కొన్ని వందల డిస్కుల మెరిసే వైపును పసిపాపను ఎత్తుకున్నట్టు పట్టుకొని, పై వైపు బాల్‌పెన్నుతో ఒత్తి ఒత్తి పేర్లు రాశాను. నా అక్షరం బాగుంటుందని అందరూ అనేవారు. అంచు వెంబడి గుండ్రంగా, తోరణం కట్టినట్టు, డిస్కు చేయించుకున్న పార్టీ పేరు, ఊరు, కింద 'ప్రభాకర్' అని నా సంతకం, దాని కింద ఒక వంపు గీత.

గుండ్రంగా రాయడం అన్నిటికన్నా పాడు. నడిమి నుంచి అంచుకు నిలువుగా గీత పడితే ఒక్కో చుట్టులో రవ్వంతే పోతుంది. దాన్ని డిస్కే సరిచేసుకుంటుంది. బడిలో హాజరు పిలిస్తే, మొత్తం నలభై మంది అని ముందే తెలుసు కాబట్టి రానివాడెవడో మిగిలినవాళ్లను బట్టి తెలిసిపోతుంది. డిస్కులో అట్లాంటి లెక్కలు ముందే పెట్టి ఉంచుతారు. కానీ చుట్టు వెంబడి గీత పడితే ఒక బెంచీ మొత్తం ఎగిరిపోయినట్టే. ఎవడు రాలేదో చెప్పడానికి ఎవడూ ఉండడు. అందుకే డిస్కు తుడిచేటప్పుడు కూడా నడిమి నుంచి బయటికి తుడవాలి. నేను రొట్టె తిప్పినట్టు గుండ్రంగా తుడిచేవాణ్ని.

వందేళ్ల మాట

వికారాబాద్ వచ్చి సొంత షాపు పెట్టాక డిస్కు రాసే మిషన్ కొన్నాను. అది గుంటలు కొట్టదు. ఖాళీ డిస్కులో రంగు పొర ఒకటి ఉంటుంది, లేజర్ దాన్ని కాల్చి మచ్చలు పెడుతుంది. చదివేటప్పుడు ఆ మచ్చలే గుంటల్లా కనిపిస్తాయి. కంపెనీ సినిమా డిస్కు ఉలితో చెక్కిన బండ. నేనిచ్చేది బొగ్గుతో గీసిన గోడ. ఈ తేడా తెలియకముందే అందరికీ వందేళ్ల హామీ ఇచ్చేశాను.

ఒకసారి మోమిన్‌పేట్ నుంచి ఒక పెద్దమనిషి బస్సు దిగి నేరుగా షాపుకొచ్చాడు. కొడుకు పెళ్లి డిస్కు ఆడటం లేదన్నాడు. నేను అలవాటు ప్రకారం ప్లేయర్ ఖరాబైందన్నాను. ఆయన సంచిలోంచి ఇంకో డిస్కు తీశాడు. దాని నడుమ సుతిలి తాడు ఇంకా వేలాడుతోంది. పిట్టలు బెదరడానికి జొన్నచేన్లో కట్టిన సినిమా డిస్కు అది. పంట కాలమంతా ఎండలో, మంచులో ఊగింది. చొక్కా అంచుతో తుడిచి, ఇది పెట్టమన్నాడు. పెట్టాను. పాటలతో సహా ఆడింది. పెళ్లి డిస్కు మాత్రం వాళ్లింట్లో టీవీ మీద, కిటికీ ఎండలో బుద్ధిగా కూర్చొని రంగు వెలిసి చచ్చిపోయింది.

అది కంపెనీది, దాని సంగతి వేరే అన్నాను.

"అయితే పిట్టలకు కంపెనీది, నా కొడుకు పెండ్లికి నీదా?" అన్నాడు ఆయన, చాలా మెల్లగా.

ఆ వారమే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. అప్పటికి ఈ పనిలో నాకు ఇరవై ఏళ్లు. బాల్‌పెన్ను మానేసి మెత్తటి సిరా పెన్ను కొన్నాను. వందేళ్ల మాట మానేశాను. కానీ అప్పటిదాకా ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ కబురు చేయలేదు. పరువు అడ్డమొచ్చింది.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం

డిస్కు తీసుకున్న ప్రతివాళ్లూ గడప దాటేముందు ఒక ప్రశ్న అడిగేవారు. ఇది పోతే ఎట్లా? ప్రతివాళ్లకూ నా జవాబు ఒకటే. "ఫికర్ చెయ్యకుర్రి, నా దగ్గర కాపీ ఉంది."

ఉండేది, ఓ వారం పాటు. అప్పటి హార్డ్ డిస్కు చిన్నది. పట్టుమని పది పెళ్లిళ్లు కూడా పట్టేవి కావు. తుడిపేస్తే నిజంగా వెంటనే ఏదీ పోదు. జాబితాలో పేరు కొట్టేస్తారంతే, సరుకు లోపలే ఉంటుంది. దాని మీద ఇంకోటి రాస్తేనే పోతుంది. మూఢాలు లేని నెలల్లో నేను వారానికి మూడు పెళ్లిళ్లు రాసేవాణ్ని, ఒకరి తలంబ్రాల మీద ఇంకొకరి అప్పగింతలు.

ఇప్పటివాళ్లు పెన్‌డ్రైవును నమ్ముతున్నారు. దాంట్లో గుంటలూ లేవు, మచ్చలూ లేవు. చిన్న చిన్న గదుల్లో కరెంటు చుక్కలను బంధించి ఉంచుతారు. అల్మారాలో పడేసి ఏళ్లకేళ్లు మరిచిపోతే ఒక్కో చుక్కా జారిపోవచ్చు. ఏ సామాను మంచిదని నన్ను అడగకండి. రెండో కాపీ నిజంగా ఉందా, కిందటి నెల తెరిచి చూశావా, అది అడగండి.

దోమ బాట

ఇక అసలు సంగతి. ఇది పోయిన కందికోతకు ముందు జరిగింది.

ఇరవై ఏళ్ల కింద దోమ అనే ఊరి దగ్గర ఒక పల్లెలో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు చేను పంచుకున్నారు. సాయిరెడ్డికి లోపలి చెక్క, రాంరెడ్డికి రోడ్డు పక్క చెక్క. సాయిరెడ్డి తన చేనికి పోవాలంటే రాంరెడ్డి చేన్లోంచే బాట. పంపకం చెప్పింది వాళ్ల పెదనాన్న బాల్‌రెడ్డి. కాగితాల మీద ఆయనకు నమ్మకం లేదు, మాట వీడియోలో ఉండాలన్నాడు. నన్ను పిలిపించారు. కెమెరా సరిచూసుకోవడానికి నేను వెళ్లి ఆయన పక్కన నిలబడితే ముసలాయన నన్ను కింది నుంచి మీదికి చూసి, "మనిద్దరం ఒక్క కొలతనే ఉన్నం పో" అని నవ్వాడు. ఆరడుగులు దాటిన మనిషి. నేనూ అంతే.

చెరో డిస్కు ఇచ్చాను. సాయిరెడ్డికిచ్చిన దాని మీద బాల్‌పెన్నుతో గుండ్రంగా పేరు రాసి సంతకం చేశాను. రాంరెడ్డిది రాద్దామంటే రీఫిల్ అయిపోయింది. పేరు లేకుండానే ఇచ్చేశాను. ఇద్దరికీ కాపీ మాట చెప్పాను. ముసలాయన పోయి చాలా ఏళ్లయింది.

పోయిన యేడు రాంరెడ్డి తాండూరు నుంచి కంచె వేసే రాతి కడీలు తెప్పించి బాటకు అటూ ఇటూ పాతడం మొదలుపెట్టాడు. నడుమ మనిషి నడిచేంతే వదిలాడు. పెదనాన్న ఇచ్చింది నడక బాటే అంటాడు. కాదు బండి బాట అంటాడు సాయిరెడ్డి. ట్రాక్టరు రాకపోతే కందులు నెత్తిన మోసుకోవాలి, వచ్చే యేడు నుంచి చేను పంట వేయకుండా పడావు పెట్టాలి. అందుకని డిస్కు పట్టుకొని షాపుకొచ్చాడు.

పెట్టాం. బాల్‌రెడ్డి కనిపించాడు. పంపకమంతా చెప్పుకొచ్చాడు. "ఇగ బాట మాత్రం..." అన్నాడు. బొమ్మ ఆగిపోయింది. మిషన్ గరగరలాడింది. తర్వాత, "...గంతే. మల్ల లొల్లి పెట్టుకోకుర్రి."

"మంచిది, నీ దగ్గర కాపీ ఉందంటివి గద అన్నా" అన్నాడు సాయిరెడ్డి నమ్మకంగా.

ఉందన్నాను. తాండూరులో ఉన్న పాత హార్డ్ డిస్కులో ఉందన్నాను. వారం తర్వాత వచ్చాడు. తాండూరు మనిషి ఊళ్లో లేడన్నాను. మళ్లీ వచ్చాడు. కేబుల్ దొరకడం లేదన్నాను. మూడుసార్లు తిప్పాను. పెద్దవయసులో అబద్ధానికి అంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడోసారి ఆయన వెళ్లాక శ్రావణి ఆ డిస్కును వాకిట్లోకి తీసుకెళ్లి ఎండకు ఎత్తి పట్టింది. కాసేపు చూసింది. "మామా, జర గిట్ల రా" అంది.

వెళ్లాను. డిస్కులోంచి ఎండ సన్నని గీతలుగా దిగి గోడ మీద పడుతోంది. వంకరగా, కానీ చదవగలిగేలా, నా సంతకం. దాని కింద వంపు గీత కూడా.

"బాట మాట మీద నీ పేరే ఉన్నది" అంది. "తాండూరుల ఏ హార్డ్ డిస్కు మామా? నాకు తెల్వకుంట ఏదన్న ఉన్నదా?"

లేదన్నాను. ఇరవై ఏళ్లలో ఆ మాట మొదటిసారి బయటికొచ్చింది. అంత చిన్న మాటని అప్పుడే తెలిసింది.

మర్నాడు ఇద్దరం దోమ బస్సెక్కాం. సాయిరెడ్డికి వాళ్ల అరుగు మీద కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. "మూడుసార్లు బస్సుకు తిప్పినవ్ అన్నా" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి రాంరెడ్డి ఇంటికి. ఆయనకూ అదే చెప్పి, మీ డిస్కు ఇస్తే ప్రయత్నిస్తామన్నాను. ఇవ్వడేమో అనుకున్నాను. ఆయన వెంటనే లేచాడు. "దొర్కబట్టుర్రి. అండ్ల నా మాటే ఉంటది" అన్నాడు. ఇద్దరికీ అంత ధీమా. ఇల్లంతా వెతికాడు. చివరికి ఆయన భార్య సుగుణమ్మ, పేరు లేని బిళ్లా అని అడిగింది. పేరు లేదు కదా, ఖాళీది అనుకొని రెండు నెలల కింద జొన్నచేన్లో కట్టిందట.

పేరు రాసినచోట రాసినందుకు పోయింది. రాయనిచోట రాయనందుకు ఎండలో ఊగుతోంది. ఎటు చూసినా నా చలవే.

చేన్లోకి పోయాం. డిస్కులు చాలా ఉన్నాయి. జొన్న కంకులు నెత్తికి తగులుతుంటే ఒక్కోదాన్నీ పట్టుకొని తిప్పి చూస్తున్నాను. కంపెనీవి వెండిలా తెల్లగా ఉంటాయి, మనం రాసినవి నీలంగానో ఆకుపచ్చగానో ఉంటాయి. రామచిలుకలు మా మీది నుంచే వచ్చి నిశ్చింతగా తినిపోతున్నాయి. పిట్టలు కూడా నా డిస్కులను నమ్మడం మానేశాయన్నమాట. తొమ్మిదోది దొరికింది. ఆకుపచ్చ వెలిసి మజ్జిగ రంగుకొచ్చింది.

శ్రావణి దాన్ని ఆడించలేదు. నేనైతే అక్కడే ఆడించి చంపేవాణ్ని. షాపుకు తెచ్చి, నడిమి నుంచి అంచుకు మెత్తగా తుడిచి, అన్నిటికన్నా నెమ్మది వేగం పెట్టి, చదవగలిగినంత మొదట కంప్యూటర్‌లోకి దించుకుంది. చదవనిచోటికి మళ్లీ మళ్లీ పోయి అడిగింది. రెండు పగళ్లు పట్టింది. దించుకున్నది మూడుచోట్ల పెట్టి, మూడూ తెరిచి చూసి, అప్పుడు బస్సెక్కుదామంది.

రాంరెడ్డి పాతిన కడీల దగ్గరే అందరం కలిశాం. ఎండకు లాప్‌టాప్‌లో ఏమీ కనిపించలేదు. సాయిరెడ్డి గొంగడి తెచ్చాడు. ఐదుగురం గొంగడి కింద తలలు పెట్టి కూర్చున్నాం. మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరి చెవులూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

బాల్‌రెడ్డి వచ్చాడు. బొమ్మ ముక్కలు ముక్కలు, మాట మాత్రం బతికింది. "ఇగ బాట మాత్రం గింత ఇడువాలె. గంతే. మల్ల లొల్లి పెట్టుకోకుర్రి."

శ్రావణి వెనక్కి జరిపి మళ్లీ వినిపించింది.

గింత అంటే ఎంత?

"గింత" అన్నాడు సాయిరెడ్డి, రెండు చేతులూ చాపబోయి గొంగడిని లేపేశాడు.

"గింత" అన్నాడు రాంరెడ్డి, గుమ్మడికాయ పట్టుకున్నట్టు చేతులు పెట్టి.

శ్రావణి ఆ చోట బొమ్మను ఆపి చూపింది. ముసలాయన మొహం ఉంది. కుడి వైపంతా రంగు గళ్లు. ఎడమ వైపు ఒక చెయ్యి ఉంది. భుజం నుంచి వేళ్ల కొసల దాకా, తీగ కట్టినట్టు నేరుగా చాచి ఉంది. రెండో చేతిని ఎండ తినేసింది.

ఒక్క చెయ్యే ఉంది కాబట్టి సాయిరెడ్డి చూపించినదాంట్లో సగం అన్నాడు రాంరెడ్డి. అంతదాకా నోరు విప్పని సుగుణమ్మ మొగుడి వైపు చూసింది.

"మామ ఒక్క చెయ్యి సాపి, ఇంకోటి జేబుల పెట్టుకొని గింత అన్నడా? రెండు చేతులు సాపి బార సూపెట్టిండు. నీకూ తెల్సు."

రాంరెడ్డి బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. ఆ చెయ్యి ఆయనను చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టిందో, ఎత్తుకుందో నాకు తెలియదు. "బారనే" అన్నాడు చివరికి. "అయితే ఎవరి బార? మనమిద్దరం పొట్టోళ్లం."

 సుగుణమ్మ మెల్లగా నా వైపు తిరిగి నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"కాపీ ఉన్నదంటివి గదా అన్నా" అంది. "నిలవడు."

చెప్పులు విడిచి బాట నడుమ నిలబడ్డాను. రెండు చేతులూ చాపాను. ఎడమ వైపు రాంరెడ్డి, కుడి వైపు సాయిరెడ్డి గడ్డపారలు పట్టుకొని నా వేళ్ల కొసల కింద గుర్తులు పెట్టారు. వేళ్లు ముడవమని ఒకరు, చాపమని ఒకరు. శ్రావణి లాప్‌టాప్ చూసి, తాత వేళ్లు చాపే ఉన్నాయని తీర్పు చెప్పింది. ట్రాక్టరు పడుతుందా అని అడిగాను. డ్రైవరు ఫోను మాట్లాడకుండా తోలితే పడుతుందన్నాడు రాంరెడ్డి. సాయిరెడ్డి నవ్వాడు. మేము ఆ ఊరికి వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

ఇద్దరూ పాత కడీలు పెకలించి కొత్త గుంతలు తవ్వడం మొదలుపెట్టారు. నేల గట్టిది, చాలాసేపు పట్టింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. భుజాలు లాగుతున్నాయి.

చేతులు దించమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.